గోళ్ళు కొరికే అలవాటు: ముందు లెక్క రాయండి

గోళ్ళు కొరకడం గురించి వచ్చిన ఉత్తరాలు చాలానే పోగయ్యాయి. ఒకే విషయం మీద కాబట్టి ఈసారి శీర్షిక అంతా వాటికే కేటాయించాం. ఉత్తరాలను కాస్త కుదించాం.

ప్రశ్న: నా వయసు 29. చిన్నప్పటి నుంచీ గోళ్ళు కొరుకుతాను. పది వేళ్ళూ కురచగా, అంచులు చిరిగి ఉంటాయి. నలుగురిలో చేతులు బయటపెట్టాలంటే సిగ్గు. మానాలని ఎన్నిసార్లు గట్టిగా అనుకున్నా రెండో రోజుకే మామూలు. అసలు చెయ్యి నోట్లోకి ఎప్పుడు వెళ్తుందో కూడా తెలీదు, నొప్పి పుట్టాకే చూసుకుంటాను. ముందు అంతా రాసిపెట్టుకోమని ఒకరు చెప్పారు. ఏం రాయాలి? రాస్తే ఏం ఒరుగుతుంది?

జవాబు: చెయ్యి ఎప్పుడు వెళ్తుందో తెలీదన్నారు చూడండి, అసలు చిక్కు అక్కడే ఉంది. చేస్తున్నట్టే తెలీని పనిని ఎంత పట్టుదల ఉన్నా మానలేం. ఒట్టు పెట్టుకునేది తీరిగ్గా కూర్చున్నప్పుడు, కొరికేది ధ్యాస ఇంకెక్కడో ఉన్నప్పుడు. రాయడం వల్ల ముందుగా జరిగేది, చెయ్యి కదిలిన సంగతి మీకు తెలియడం. అందుకని మొదటి వారం మానే ప్రయత్నం పెట్టుకోకండి. మామూలుగా ఎలా ఉంటారో అలాగే ఉండండి, కాకపోతే జరిగిందల్లా రాయండి.

రాసేముందు దేన్ని లెక్కపెడుతున్నారో ఒక్క వాక్యంలో తేల్చుకోవాలి. చాలామంది లెక్కలు ఇక్కడే పాడవుతాయి. ఉదాహరణకు ఇలా: గోరు గానీ గోటి చుట్టూ ఉన్న తోలు గానీ పంటికి తగిలితే ఒక విడత మొదలైనట్టు. చెయ్యి నోటి దగ్గర్నుంచి తీసి 10 సెకన్లు దాటాక మళ్ళీ పెడితే అది కొత్త విడత, ఆలోపే పెడితే పాతదే సాగుతున్నట్టు. వేలు పెదవి మీద ఊరికే ఆనించి ఉంచితే విడత కాదు, దానికి పక్కన ఒక చుక్క పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. ఆ 10 సెకన్లలో మహత్యం ఏమీ లేదు. 15 పెట్టుకున్నా తప్పులేదు. వారం మధ్యలో మార్చడమే తప్పు, సోమవారం లెక్కకీ శుక్రవారం లెక్కకీ పొంతన ఉండదు.

నోటు పుస్తకం వద్దు. జేబులో పట్టే దళసరి కాగితం ముక్క (కార్డు), పొట్టి పెన్సిలు చాలు. చేతికి అందేంత దూరంలో లేని పుస్తకంలో ఎవరూ రాయరు. కాగితం మీద ఐదు గడులు గీయండి: గంట, ఏం చేస్తుండగా, ఏ వేలు, అంతకు క్షణం ముందు ఏమైంది, కొరికాక ఎలా ఉంది. రాసినది ఇంత పొట్టిగా ఉంటే చాలు:

ఉదయం 11.20 – మెయిల్‌కి జవాబు రాస్తూ ఆగిపోయి – కుడి చూపుడువేలు – ఏం రాయాలో తోచలేదు – ఏమీ లేదు.

రాత్రి 9.40 – పక్కకి ఒరిగి ఫోన్ చూస్తూ – కుడి బొటనవేలు – గరుకు అంచు తగిలింది – నునుపైంది, హాయి.

రాత్రి 9.55 – అక్కడే – అదే వేలు – నునుపు చేసిన చోటే మళ్ళీ గరుకు – నెత్తురు, చిరాకు.

చివరి రెండు వరసలూ చూడండి. అంచు సరిచేద్దామని కొరికితే పన్ను ఇంకో గరుకు అంచు మిగిల్చింది, పావుగంటలో అదే మళ్ళీ పిలిచింది. ఈ చక్రం కళ్ళకు కనపడేది రాసినప్పుడే. నాలుగో గడి ఖాళీగా వదిలేయాలనిపిస్తుంది, కానీ ఐదింటిలోకీ విలువైనది అదే.

సమావేశంలోనో ప్రయాణంలోనో రాయడం కుదరకపోతే పొద్దున్నే ఎడమ జేబులో 20 పేపర్ క్లిప్పులు వేసుకోండి. విడతకొకటి కుడి జేబులోకి మార్చండి. రాత్రి కుడి జేబు లెక్కపెడితే సరి. వివరాలు రావు గానీ లెక్క పోదు.

దీనితోపాటు వారానికొకసారి, ఒకే రోజున, గోటి మొదలు నుంచి చివరి దాకా పది వేళ్ళకూ స్కేలుతో కొలిచి రాయండి. ఒకే వెలుతురులో, అరచేతులు బల్ల మీద బోర్లించి ఒక ఫొటో తీసుకోండి. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, అంటే వారానికి ముప్పావు మిల్లీమీటరుకు కాస్త తక్కువ. రెండు వారాలు గడిచినా ఏదైనా వేలి కొలత కదలకపోతే, ఆ వేలి దగ్గర మీ కంటపడని విడతలు జరుగుతున్నాయన్నమాట. విడతల లెక్క మన జ్ఞాపకం మీద, నిజాయితీ మీద ఆధారపడుతుంది. గోటి కొలతకు ఆ మొహమాటం లేదు.

ఒక హెచ్చరిక. రాయడం మొదలుపెట్టిన రెండు మూడు రోజులకే విడతలు వాటంతటవే తగ్గవచ్చు. గమనించడానికి ఉన్న గుణం అది, ప్రవర్తనా శాస్త్రం చదివినవాళ్ళు ఎదురుచూసేదే. సంతోషించండి, కానీ అలవాటు పోయిందని కార్డు పారేయకండి. ఆ తగ్గుదల ఒక్కటే అయితే సాధారణంగా ఎక్కువ కాలం నిలవదు. అలాగే రాత్రి పడుకోబోయే ముందు రోజంతా గుర్తుచేసుకుని ఒక్కసారి నింపే కార్డు ఎందుకూ కొరగాదు. నెత్తురొచ్చిన విడతలు గుర్తుంటాయి, మిగతావి జారిపోతాయి. బాగా కొరికిన రోజున సిగ్గుపడి రాయడం మానేస్తే ఇంకా నష్టం, మనకు కావలసిన సమాచారం ఆ రోజులోనే ఉంది.

ప్రశ్న: సర్, నేను ఇప్పటికే 8 రోజులు రాశాను. మొత్తం 96 విడతలు. రాత్రి ఫోనో టీవీయో చూస్తూ 41, ఆఫీసు కాల్స్‌లో 23, చదువుతూ 14, బండిలో ట్రాఫిక్‌లో ఆగినప్పుడు 9, విడివిడిగా మరో 9. మూడింట రెండు వంతులు కుడి బొటనవేలు, చూపుడువేలే. నాలుగో గడిలో ‘గరుకు అంచు’ అని 38 సార్లు రాసుకున్నాను. రాత్రి టీవీయే నా శత్రువు అనిపిస్తోంది. టీవీ మానెయ్యాలా?

జవాబు: మంచి లెక్క. రోజుకు సగటున 12 విడతలు, ఈ అంకె గుర్తుపెట్టుకోండి. టీవీ మీద నేరం మోపేముందు మాత్రం ఒక భాగహారం చెయ్యాలి. ఎన్నిసార్లు అని కాదు, గంటకు ఎన్నిసార్లు అని చూడాలి. రాత్రిళ్ళు ఫోను, టీవీ కలిపి రోజుకు రెండు గంటలనుకుంటే 8 రోజులకు 16 గంటలు. 41ని 16తో భాగిస్తే గంటకు రెండున్నర విడతలు. ఆఫీసు కాల్స్ ఆ 8 రోజుల్లో మొత్తం నాలుగు గంటలే అయితే, 23ని 4తో భాగించండి, గంటకు ఆరుకు కాస్త తక్కువ. అంటే మీ చేతిని గట్టిగా లాగుతున్నది కాల్స్. టీవీ దగ్గర సమయం ఎక్కువ కాబట్టి మొత్తం పెద్దదైంది. మీ అసలు గంటలు వేసుకుని చూడండి, మేం వేసింది ఉజ్జాయింపు.

రెండు చోట్లా కారణం ఒకటే కాకపోవచ్చు. కాల్‌లో ఒత్తిడి, మాట కోసం ఎదురుచూడ్డం ఉంటాయి. టీవీ ముందు చెయ్యి ఖాళీ, మెదడు సగం ఖాళీ. కొరికాక ఎలా ఉందని రాసిన గడిని రెంటికీ విడివిడిగా చదవండి. కాల్స్ పక్కన ‘కాస్త తేలిక’ అనీ, టీవీ పక్కన ‘ఏమీ లేదు’, ‘నునుపైంది’ అనీ ఉంటే మందు రెండు రకాలు కావాలి.

ముందు తేలికైన పని, గరుకు అంచు. 96లో 38 అంటే పదింటిలో దాదాపు నాలుగు. గోటి అంచు నునుపుచేసే నెయిల్ ఫైల్ ఒకటి జేబులో, ఒకటి టీవీ దగ్గర, ఒకటి పని బల్ల మీద పెట్టండి. ఒక్కటి కొని అల్మరాలో దాస్తే లాభం లేదు, అంచు తగిలిన చోటే అది ఉండాలి. ఒకే దిక్కుకు రుద్దండి, అటూ ఇటూ రంపంలా లాగితే అంచు పొరలు విడుతుంది. నెయిల్ కట్టర్‌తో తీసి ఊరుకోకండి, రెండు మూలలా మొన మిగులుతుంది, పన్ను వెతికేది దాన్నే. గోటి పక్కన తోలు లేస్తే లాగొద్దు, శుభ్రమైన చిన్న కత్తెరతో మొదటికంటా కత్తిరించండి. రాత్రి పడుకునేముందు గోటి చుట్టూ వాజిలిన్ రాస్తే తోలు ఎండి లేవడం తగ్గుతుంది. ఆ రెండు వేళ్ళకూ మొదటి పది రోజులు టీవీ సమయంలో పలచని ప్లాస్టర్ చుట్టుకున్నా మంచిదే. పంటికి గోరు బదులు ప్లాస్టర్ తగిలినప్పుడు మెలకువ వస్తుంది.

ఇక కాల్స్. దీనికి వాడేది హాబిట్ రివర్సల్ అనే పద్ధతి. నేథన్ ఆజ్రిన్, గ్రెగరీ నన్ అనే ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు 1973లో ప్రచురించారు, గోళ్ళు కొరకడం లాంటి అలవాట్లకు ఇప్పటికీ ముందుగా చెప్పేది ఇదే. చెయ్యి నోటికి వెళ్ళే దారిలో దానికి ఇంకో పని అప్పగించాలి. బదులు పని ఎంచుకోవడానికి మూడు షరతులు: అది చేస్తున్నంతసేపూ కొరకడం వీలుకాకూడదు, పక్కవాళ్ళకు వింతగా కనపడకూడదు, వస్తువు లేకపోయినా చెయ్యగలగాలి. నలుగురూ ఉన్నచోట పిడికిలి మరీ బిగించకుండా మూసి చెయ్యి ఒడిలోకి దించడం సరిపోతుంది. పెన్ను గట్టిగా పట్టుకోవచ్చు, కుర్చీ చేతిని పట్టుకోవచ్చు. కోరిక మొదలవగానే పట్టాలి, కనీసం ఒక నిమిషం వదలకూడదు. నిమిషం అయ్యాక కూడా లాగుతుంటే ఇంకో నిమిషం.

చాలామందికి ఇది పనిచెయ్యకపోవడానికి కారణం ఆలస్యం. వేలు పంటి కిందకు చేరాక పిడికిలి మూస్తారు. అప్పటికి కొరికిన సుఖం దక్కిపోయింది, ఆ తర్వాత పిడికిలి ఒక లాంఛనం. అంతకంటే ముందుకు వెళ్ళాలి. ఒకసారి అద్దం ముందు కూర్చుని, కాల్‌లో ఉన్నట్టే ఫోను పట్టుకుని, కొరికే తీరును నెమ్మదిగా నటించండి, పంటికి అంగుళం దూరంలో ఆపెయ్యండి. చెయ్యి ఏ వరసలో కదిలిందో చూడండి. సాధారణంగా ఇలా ఉంటుంది: మోచెయ్యి బల్ల మీద ఆనుతుంది, గడ్డం అరచేతిలో వాలుతుంది, బొటనవేలు చూపుడువేలి గోటి అంచును తడుముతుంది, ఎక్కడో గరుకు దొరుకుతుంది, వేలు పెదవి మీదకొస్తుంది, ఆపైన పన్ను. ఆరు మెట్లు. చాలామందికి మెలకువ వచ్చేది ఆరో మెట్టు దగ్గర. మూడో మెట్టులో, అంటే వేలు వేలిని తడుముతుండగానే పట్టుకోగలిగితే బదులు పనికి పెద్దగా బలం అక్కర్లేదు. మోచెయ్యి బల్ల మీద పెట్టకపోతే మొదటి మెట్టే ఉండదు. కుర్చీ ఒక అడుగు వెనక్కి జరుపుకుని, ఖాళీ చేతిలో పెన్ను, ముందు కాగితం పెట్టుకుని కాల్ మాట్లాడండి. చూస్తే చాలా చిన్న మార్పే, మా లెక్కలో మాత్రం అన్నిటికంటే ముందు చెయ్యాల్సింది.

పిడికిలి నచ్చనివాళ్ళకు ఇంకోటి ఉంది: రెండు వేళ్ళ కొసలను ఒకదానితో ఒకటి మెత్తగా, నిమిరినట్టు రుద్దుకోవడం, లేదా అరచేతినో ముంజేతి వెనకవైపునో నిమరడం. దీని మీద జర్మనీలోని హాంబర్గ్ పరిశోధకులు చేసిన అధ్యయనం 2023లో జామా డెర్మటాలజీ అనే చర్మవైద్య పత్రికలో వచ్చింది. ఆరు వారాల తర్వాత ఈ పద్ధతి పాటించినవాళ్ళలో సగం మందికి పైగా కొంతైనా మెరుగయ్యారు, నేర్పకుండా వేచి ఉంచినవాళ్ళలో ఐదుగురికి ఒకరు. గోళ్ళు కొరికేవాళ్ళకే ఎక్కువ మేలు కనిపించింది. గట్టిగా రుద్దొద్దు, గిల్లొద్దు, మెత్తగా చెయ్యడమే ఇందులో కిటుకు.

లక్ష్యం సున్నా అని పెట్టుకోకండి. మీ సగటు 12. మొదటి గీత 9 దగ్గర గీయండి. వరసగా మూడు రోజులు 9 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే గీత 7కి దించండి, ఆపైన 5కి, 3కి. మూడు రోజుల్లో ఒక్కరోజు దాటినా గీత కదపొద్దు, అక్కడే ఉంచండి. వారం రోజులు పాత గీత దగ్గరే చిక్కుకుపోతే గీత తప్పు కాదు, ఏదో ఒక సందర్భం మీ ఏర్పాటు కిందికి రాలేదన్నమాట. కార్డులు మళ్ళీ తీసి చూడండి. మీ విషయంలో ఆ ట్రాఫిక్ తొమ్మిదీ ముందుగా అనుమానించదగ్గవి, అక్కడ ఫైలూ పెన్నూ తీసే వీలుండదు. స్టీరింగో హ్యాండిలో రెండు చేతులతో పట్టుకుని ఉండటమే అక్కడి బదులు పని.

ప్రశ్న: మా బాబుకి ఏడేళ్ళు. ఏడాదిగా గోళ్ళు కొరుకుతున్నాడు. ‘నోట్లోంచి వేలు తియ్యి’ అని రోజంతా అంటూనే ఉంటాను, తీస్తాడు, నేను అటు తిరగగానే మళ్ళీ పెడతాడు. మా అత్తగారు చేతి మీద ఒకటి వేస్తారు. వాడికి ఇంకా ఎక్కువైందేమోనని నా అనుమానం. వాడు లెక్క రాయలేడు కదా, మేమే చూసి రాయొచ్చా?

జవాబు: రాయొచ్చమ్మా, రాయాలి కూడా. మీ అనుమానం కొట్టిపారేయదగ్గది కాదు. వేలు నోట్లో పెట్టిన ప్రతిసారీ అమ్మ తలెత్తి చూసి మాట్లాడుతోంది, ఆడుకుంటూ ఉన్నంతసేపూ ఎవరూ పట్టించుకోవడం లేదు అనుకోండి, కొన్ని ఇళ్ళలో ఆ మందలింపే అలవాటుకు మేత అవుతుంది. మీ ఇంట్లో అదేనా కాదా అన్నది చూస్తేనే తెలుస్తుంది.

రోజంతా వాడి వెనకాలే తిరగక్కర్లేదు. రోజుకు రెండుసార్లు, ఇరవై నిమిషాల చొప్పున. హోంవర్క్ వేళ ఒకటి, టీవీ వేళ ఒకటి తీసుకోండి. నిమిషానికొకసారి సన్నగా మోగేలా ఫోన్ పెట్టి దాన్ని మీ దగ్గరే ఉంచుకోండి. మోగిన క్షణంలో వాడి వైపు చూపు తిప్పండి. వేలు పంటి దగ్గరుంటే ఇంటూ, లేకపోతే సున్నా. మోగనప్పుడు కొరికినా రాయకూడదు, ఆ నిబంధన తప్పితే లెక్క చెడుతుంది. రెండు వేళలూ కలిపి రోజుకు 40 చూపులు. 10 చూపుల్లో ఇంటూ పడితే ఆ 40 నిమిషాల్లో సుమారు నాలుగో వంతు వేలు నోట్లో ఉన్నట్టు. కొరుకుడు మరీ అరుదుగా, క్షణం సేపు జరిగే పిల్లల్లో ఈ పద్ధతి పట్టుకోలేదు, అప్పుడు నేరుగా విడతలే లెక్కపెట్టాలి. మొదటి ఐదు రోజులు ఎవరూ ఏమీ అనకూడదు, అత్తగారితో ముందే మాట్లాడి ఒప్పించండి. అదే కష్టమైన భాగం.

ఆవిడను కూడా రెండు మూడుసార్లు మీతోపాటు, మీ కాగితం చూడకుండా, విడిగా రాయమనండి. ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టి, ఎన్ని చూపుల్లో ఒకే గుర్తు పడిందో చూసి, మొత్తం చూపులతో భాగించి వందతో గుణించండి. 80 శాతం దాటితే మామూలుగా సరిపోయిందంటారు. కానీ ఇందులో ఒక మెలిక ఉంది. 40 చూపుల్లో మీరు 6 ఇంటూలు, ఆవిడ 4 ఇంటూలు పెట్టారు, ఇద్దరికీ కలిసినవి రెండే అనుకుందాం. తేడా వచ్చినవి 6, కలిసినవి 34, అంటే 85 శాతం. బాగుందనిపిస్తుంది. అయితే ఇద్దరిలో ఒక్కరైనా ఇంటూ పెట్టిన చూపులు 8, వాటిలో కలిసినవి 2. అంటే కొరికిన సందర్భాల వరకు చూస్తే పాతిక శాతమే. మిగతా పొత్తంతా సున్నాల వల్ల వచ్చింది. ఇలా అయితే పెదవి మీద వేలు పెట్టడాన్ని ఒకరు కొరకడంగా, ఇంకొకరు ఊరికే పెట్టుకోవడంగా తీసుకుంటున్నారేమో మాట్లాడుకుని, దేన్ని కొరకడం అనాలో చెప్పే వాక్యం బిగించి, మళ్ళీ మొదలుపెట్టండి.

ఐదు రోజుల తర్వాత పని మొదలు. వాడిని కూర్చోబెట్టి ఇద్దరికీ మాత్రమే తెలిసిన గుర్తు ఒకటి వాడినే ఎంచుకోమనండి, మీ చెవి తాకడమో, భుజం మీద రెండుసార్లు తట్టడమో. వేలు నోటికి వెళ్తే ఆ గుర్తు, ఒక్క మాట కూడా లేకుండా. వాడు చేతులు ఒడిలో పెట్టి పదివరకు అంకెలు లెక్కపెడతాడు, అంతే. మాటలన్నీ రెండో వైపు ఖర్చుచెయ్యండి: చేతులు బొమ్మల మీదో పెన్సిలు మీదో ఉన్నప్పుడు దగ్గరికెళ్ళి రెండు మాటలు మాట్లాడండి. నక్షత్రాల కార్డు పెట్టాలనుకుంటే, కొరకనందుకు కాక గుర్తు చూసి చేతులు దించినందుకు నక్షత్రం ఇవ్వండి. మొదటిది వాడి చేతిలో లేదు, రెండోది ఉంది. కొరికితే పెట్టిన నక్షత్రం తీసెయ్యొద్దు.

చేతి మీద కొట్టడం ఆపాలి. దానివల్ల కొరకడం చాటుకు వెళ్తుంది, మీ లెక్క ఒక్కసారిగా బాగుపడినట్టు కనపడుతుంది, గోళ్ళు మాత్రం పెరగవు. పట్టించుకోవడం మానేసిన మొదటి రోజుల్లో కొరకడం కాస్త పెరిగినట్టు కనిపిస్తే కంగారుపడకండి, అంతవరకు దొరికిన శ్రద్ధ ఆగిపోయినప్పుడు పిల్లలు కొన్నాళ్ళు ఎక్కువ చేసి చూడటం మామూలే. అప్పుడే జాలిపడి మళ్ళీ మొదటికొస్తే, ఎక్కువ చేస్తే అమ్మ చూస్తుందని నేర్పినట్టవుతుంది.

కొసరు మాట: రాత్రిళ్ళు మలద్వారం దగ్గర దురదని అంటుంటే నులిపురుగుల సంగతి డాక్టర్‌తో చెప్పండి. వాటి గుడ్లు గోళ్ళ సందుల్లోంచి నోట్లోకి వెళ్తాయి.

ప్రశ్న: చేదు నెయిల్ పాలిష్ పనిచేస్తుందా? రెండుసార్లు కొని వదిలేశాను.

జవాబు: ఒంటరిగా పెద్దగా పనిచెయ్యదు, హెచ్చరిక గంటగా పనికొస్తుంది. చాలావాటిలో ఉండేది డినటోనియం బెంజోయేట్ అనే రసాయనం, 1958లో స్కాట్లాండ్‌లో నొప్పి తెలియకుండా ఇచ్చే మత్తుమందుల మీద పనిచేస్తుండగా బయటపడింది. మనిషికి తెలిసిన అత్యంత చేదు పదార్థాల్లో ఇదొకటి. చేదు తగిలేది మెట్లన్నీ ఎక్కేశాక, పంటి దగ్గర. ఆ క్షణంలో బదులు పని సిద్ధంగా ఉంటే మేలు, లేకపోతే నాలుక కొన్నాళ్ళకు రాజీపడిపోతుంది. చేతులు కడిగేకొద్దీ పోతుంది కాబట్టి సీసా మీద చెప్పిన వ్యవధి ప్రకారం మళ్ళీ రాయాలి. నెత్తురు వచ్చిన తోలు మీద, పుండు మీద రాయకూడదు. ఆ చేత్తో కళ్ళు నలపకండి, అన్నం ముద్ద కూడా చేదెక్కుతుంది. పిల్లలకు వాళ్ళు ఒప్పుకోకుండా పూస్తే అది శిక్షే.

ప్రశ్న: చెయ్యి మొహం దగ్గరికి వెళ్తే వణికి హెచ్చరించే చేతి పట్టీలు వస్తున్నాయి. కార్డు బదులు అది చాలదా?

జవాబు: చెయ్యి ఎప్పుడు వెళ్తోందో అసలు తెలియనివాళ్ళకు మొదట్లో సాయపడుతుంది. కానీ అది కొరకడాన్ని చూడదు, చేతి కోణాన్ని చూస్తుంది. కళ్ళజోడు సర్దుకున్నా, నీళ్ళు తాగినా వణకవచ్చు. పడుకుని ఉన్నప్పుడు, తల వంచి వేలి దగ్గరికి నోరు తెచ్చుకున్నప్పుడు ఊరుకుండిపోవచ్చు. ఎక్కువ కొరికే చేతికే కట్టుకోండి. ఒక గంట కూర్చుని, అది వణికినప్పుడల్లా నిజమా ఉత్తదా అని గీతలు పెట్టండి. ఉత్తవే ఎక్కువైతే రెండో రోజుకల్లా దాన్ని పట్టించుకోవడం మానేస్తారు. ఎన్నిసార్లో అది చెప్తుంది, ఎందుకో చెప్పదు, కాబట్టి నాలుగో గడి చేత్తోనే నింపాలి.

ప్రశ్న: నాలుగు వారాలు బాగుంది, రోజుకు ఒకటీ రెండు. గోళ్ళు తెల్లగా అంచు వేశాయి. పరీక్షకు ముందురాత్రి కూర్చుని పదీ తినేశాను. మొత్తం పోయినట్టేనా?

జవాబు: పోలేదు. పోయినవి గోళ్ళు మాత్రమే, నెలకు మూడు మిల్లీమీటర్ల లెక్కన వస్తాయి. పూర్తి గోరు కుదురు నుంచి చివరిదాకా కొత్తగా రావడానికి ఆరు నెలల దాకా పడుతుందనుకోండి, మీకు ఊడింది కొన మాత్రమే. ఆ రాత్రిని కార్డులో రాయండి, పది విడతలైతే పది గీతలు. మర్నాటి నుంచి మూడు రోజులు ఐదు గడులూ పూర్తిగా నింపండి, తర్వాత గీతల లెక్క చాలు. రోజు లక్ష్యంగా పెట్టుకున్న అంకెను ఒక మెట్టు పైకి జరిపి మళ్ళీ దించుకోండి.

నాలుగు వారాల గోటికి ప్రత్యేకమైన ప్రమాదం ఒకటుంది. ఏళ్ళ తరబడి లేని అంచు ఇప్పుడొచ్చింది, అది తగులుతుంది, గుచ్చుకుంటుంది, టైపు చేస్తుంటే అడ్డం పడుతుంది, కొత్తగా పట్టుకోవడానికి వీలుగానూ ఉంటుంది. తెల్ల అంచు మిల్లీమీటరు దాటకుండా మూడు రోజులకొకసారి ఫైల్ చెయ్యండి. పొడుగు గోళ్ళ మోజు మూడు నాలుగు నెలల తర్వాత. తర్వాతి పరీక్ష తేదీ ఇప్పుడే తెలుసు కదా, అంతకు రెండు రోజుల ముందు నుంచి చదివే బల్ల మీద ఫైలు, ఎక్కువగా కొరికే వేళ్ళకు ప్లాస్టర్, జేబులో కార్డు సిద్ధంగా ఉంచుకోండి.

ప్రశ్న: ఇది మానసిక జబ్బా? డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలి, ఎవరి దగ్గరికి?

జవాబు: కొరికేవాళ్ళందరికీ జబ్బు పేరు పెట్టరు. గోళ్ళకు, వేళ్ళకు గాయమవుతూ, మానాలని పదేపదే ప్రయత్నించి మానలేక, దానివల్ల బాధో పనికి ఆటంకమో కలుగుతుంటే అప్పుడు పెడతారు. అమెరికా మానసిక వైద్యుల డీఎస్ఎమ్-5 వర్గీకరణ 2013 నుంచి దీన్ని శరీరం మీద పదేపదే చేసే పనుల కోవలో, వెంట్రుకలు పీక్కోవడం, చర్మం గిల్లుకోవడం సరసన పెట్టింది.

గోటి మొదట ఎర్రగా వాచి, సలుపుతూ, చీము చేరితే అది గోరుచుట్టు, చర్మ వైద్యులకో మామూలు డాక్టర్‌కో ఆలస్యం చెయ్యకుండా చూపించండి. ఎరుపు వేలు దాటి చేతి మీదకు చారలా పాకినా, జ్వరం వచ్చినా అదే రోజు వెళ్ళాలి. వేలి కొసన గుంపుగా నీటి పొక్కులు వచ్చి విపరీతంగా నొప్పి పెడితే మీరు గుచ్చి చూడొద్దు, హెర్పిస్ కావచ్చు, దాన్ని కోయించడం కూడా తగదు. గోటి చుట్టూ పులిపిర్లు ఉంటే కొరికేకొద్దీ వేరే వేళ్ళకూ పెదవులకూ పాకుతాయి. ముందు పళ్ళ అంచు అరిగినా, పెచ్చు లేచినా, దవడ కీలు నొప్పి పెట్టినా దంత వైద్యులకు చూపించండి. పళ్ళకు తీగ కట్టించుకున్నవాళ్ళు ఇంకా జాగ్రత్త, ఆ పళ్ళ వేర్లు అరిగే ప్రమాదం కొరకడంతో పెరుగుతుంది.

పై పద్ధతి రెండు నెలలు నిజంగా పాటించినా సగటు కదలకపోతే, లేదా కొరకడంతోపాటు విడవని ఆందోళన, నిద్రలేమి ఉంటే క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్ళండి. హాబిట్ రివర్సల్ చేయిస్తారా అని ముందే అడగండి, అందరూ చేయించరు. మందుల సంగతి సైకియాట్రిస్ట్ నిర్ణయించాలి, విని కొనుక్కోవద్దు. వెళ్ళేటప్పుడు చివరి రెండు వారాల కార్డులు, వారంవారం తీసిన ఫొటోలు, గోటి కొలతల కాగితం వెంట తీసుకెళ్ళండి. మొదటి రెండు మూడు సిట్టింగులు ఆ సమాచారం పోగుచెయ్యడానికే పోతాయి, అది మీ చేతిలో ఉంటే పని అదే రోజు మొదలవుతుంది.